మూడు లెన్సుల బదులు

1985 ఫిబ్రవరి 3, ఆదివారం

ఈశ్వరయ్య నా లెన్సులు అమ్మేశాడు.

ఈ ఒక్క ముక్క రాయడానికే ఈ నోటుబుక్కు కొన్నాను.

ఫిబ్రవరి 4

నిన్న అక్కడితో ఆపేశాను. ఇవాళ వరసగా రాసుకుంటాను.

నేను డార్క్‌రూమ్ పని చేసే ఈశ్వరయ్య స్టూడియోలో అల్మారా రెండో అర ఖాళీగా ఉంది. దుమ్ములో మూడు గుండ్రటి గుర్తులు. అక్కడ మా ఆయన అంజన్న లెన్సులుండేవి. గుంపు మొత్తాన్ని పట్టేది ఒకటి, ఉన్నదున్నట్టు చూపించే యాభై ఎం.ఎం. ఒకటి, దూరం నుంచి మొహం తీసే నూట ముప్పై అయిదు ఒకటి. మా పెళ్ళికి ముందు నుంచీ ఒక్కొక్కటే కూడబెట్టి కొన్నాడు. ఆయన పోయిన నెలకు వాటిని ఈశ్వరయ్య చేతిలో పెట్టి, "వాడుకో అన్నా, కానీ అవి నావి. ఎప్పటికైనా నేనే ఫోటోలు తీస్త" అన్నాను. "నీవే చెల్లె, యాడికి పోతయి" అన్నాడు. రెండేళ్ళయింది. యాడికో పోయాయి.

మొన్న నేను అడిగినప్పుడు కొత్త లెన్సు తుడుచుకుంటూ ఉన్నాడు. తలెత్తలేదు.

"బూజు పట్టినయి చెల్లె. సర్వీసుకిచ్చిన. గిది చూడు ముందుగాల. గిది ముప్పై అయిదు. గిట్ల గుంజితే యాభై. ఇంకా గుంజితే రెండు వందలు. మూడింటి పని ఒక్కటే చేస్తది. మార్చుడు లేదు, లొల్లి లేదు."

నేను నమ్మాను. నిన్న బ్రోమైడ్ పేపర్ కోసం అఫ్జల్‌గంజ్ వెళ్తే, పాత కెమెరాల షాపు అద్దాల బీరువాలో నూట ముప్పై అయిదు కనిపించింది. దాని అంచున అంజన్న సూదితో గీసిన 'అం' అలాగే ఉంది. షాపాయన్ని అడిగితే, మూడూ ఇచ్చి దుబాయి నుంచొచ్చిన జూమ్ లెన్సు పట్టుకుపోయాడు మీ ఛత్రినాక స్టూడియో ఆయనే అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

అమ్మితే అమ్మాడు. నీ మొగుని లెన్సులు నిన్ను అడగకుండా అమ్ముకున్నానని ఆ నోటితో చెప్పాలి. నలుగురిలో తల దించుకుని చెప్పాలి. అంతవరకు వదలను.

ఫిబ్రవరి 11

వారం రోజుల ఫిల్ము కడిగి ప్రింట్లు వేశాను. ఆ లెన్సు సంగతి నాకు తెలిసినంత దాన్ని కొన్నవాడికి తెలియదు. ఆయన దాని ముందు చూస్తాడు, నేను అది కక్కింది చూస్తాను.

వెడల్పుగా పెట్టి తీస్తే తిన్నని స్తంభాలు కడుపుతో ఉన్నట్టు ఉబ్బుతాయి. గుంపులో ఆ చివర, ఈ చివర నిలబడ్డవాళ్ళ మొహాలు అలుక్కుపోతాయి. పూర్తిగా గుంజితే లోపలికి వెలుతురు రాదు. నీడపట్టున తీస్తే చెయ్యి కదిలి అంతా మసక. దీపం ఎదురుగా ఉంటే ఫోటో మధ్యలో తెల్లటి బిళ్ళలు వరస కడతాయి.

మరి జనమెందుకు పొగుడుతున్నారంటే నా వల్ల. ఎన్‌లార్జర్ కింద పేపరు వాల్చి స్తంభాలు నిలబెడతాను. చెయ్యి అడ్డం పెట్టి మూలలు సరిచేస్తాను. కుంచెతో తెల్లబిళ్ళలు ఆర్పుతాను, కనుబొమలు దిద్దుతాను. ఇవాళ ఒకాయన ప్రింటు చూసి, "క్యా లెన్స్ హై భాయ్" అన్నాడు. ఈశ్వరయ్య మీసం తిప్పుకున్నాడు. నా వేళ్ళకు కెమికల్ పడి చర్మం ఊడుతోంది. అన్ని రోగాలకూ ఒకటే మందనే జిందా తిలిస్మాత్ సీసాలాగా ఆ లెన్సును అన్నిటికీ చూపిస్తున్నాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అంజన్న లెన్సు మార్చే లోపల అసలుది జరిగిపోయేది. పెళ్ళికొడుకును బతిమాలి తాళి రెండోసారి పట్టించి తీసేవాడు. ఈశ్వరయ్యకు ఆ బాధ లేదు. ఏది ఎప్పుడు జరిగినా నొక్కేస్తాడు.

ఇది రాయకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 26

షాపు అద్దాల బీరువాలో నూట ముప్పై అయిదు లేదు. ఎవరో కొనుక్కుపోయారు.

మార్చి 9

"సర్వీసు నుంచి వచ్చినయా అన్నా?" అని ప్రతి సోమవారం అడుగుతున్నాను. "పార్టు రావాలె బొంబాయి నుంచి" అంటాడు. నవ్వుతూ అడుగుతాను, నవ్వుతూ చెబుతాడు.

మా అత్త బాలమ్మకు ఇవాళ మొత్తం చెప్పేశాను. కొడుకు వస్తువులు కదా, నాకంటే ఎక్కువ మండిపడుతుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

"మొకం మీద అడుగరాదు?" అంది.

"అడిగితే అబద్ధం చెప్తుండు గద."

"నువ్వు అమ్మినవంట గదా అని అడుగు. యాడికి పోయినయని అడుగకు."

"ఊకె అడిగితే ఏమొస్తది? అందరి ముంగట ఇజ్జత్ పోవాలె."

"వాని ఇజ్జత్ పోతే నీ కూడు పోతది బిడ్డా" అంది. చేట ఎత్తి లోపలికి పోయింది. ఈమె ఎవరి తల్లో అర్థం కాలేదు.

ఏప్రిల్ 6

దొరికింది.

అఫ్జల్‌గంజ్‌లో బెల్లం, చింతపండు హోల్‌సేల్ చేసే వైకుంఠం గారి చిన్నమ్మాయి పెళ్ళి. ఆయన భార్య వాసవాంబమ్మ స్టూడియోకి వచ్చి ఆర్డరిచ్చింది. ఆ ఇంట్లో పేరొస్తే షావుకార్ల ఇళ్ళన్నీ మావే. ఆ ఇంట్లో పేరు పోతే ఈశ్వరయ్య ఫిల్ము చుట్ట పట్టుకుని గల్లీల్లో తిరగాలి.

ఆమె మాట్లాడుతున్నంత సేపూ ఈశ్వరయ్య లెన్సు గుంజి చూపిస్తూనే ఉన్నాడు. "గేటు కాడ నిలవడి గూడ మండపంల ముక్కుపుడక తీస్తనమ్మా" అన్నాడు.

గేటు కాడ నిలబడి! సరే అన్నా. నిన్ను అక్కడే నిలబెడతాను.

ఏప్రిల్ 14

వైకుంఠం గారి పెద్దమ్మాయి పెళ్ళి ఆల్బం అట్ట ఊడిందంటే అతికించి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇవ్వడానికే వెళ్ళాను. మాటల్లో మాట వచ్చింది, అంతే.

ఆ పెళ్ళి అంజన్న తీసిందే. వాసవాంబమ్మకు ఆ రోజు నుంచీ మనసులో ఒక ముల్లుంది.

"మీ ఆయన మంచోడే గానీ రాజమణీ, తాళి మల్లొక్కసారి పట్టుమన్నడు. పంతులు నారాజయిండు. ఎవరన్న రెండుసార్లు కట్టిపిస్తరా? గదీ గాక మండపమెక్కి అడ్డంగ నిలవడ్డడు. మా అత్తకు ఆయన వీపే కనపడ్డది, తాళి కనపడలె."

"ఈసారి గట్ల కాదమ్మా" అన్నాను. "గిది కొత్త లెన్సు. మండపం ఎక్కే పనే లేదు. గేటు కాడికెల్లి తీస్తనన్నడు గద ఈశ్వరన్న. ఎవ్వర్నీ ఎక్కనియ్యనని మీరు ముందే చెప్పున్రి. రెండోసారి పట్టుడు గూడ ఉండది."

ఆమెకు ఎంత సంతోషమైందంటే, వస్తుంటే మామిడికాయలు ఒళ్ళో పోసింది.

షామియానా కింద నీడ. గేటు నుంచి మండపానికి అరవై అడుగులు ఉంటుంది. ఫ్లాష్ వెలుతురు అక్కడిదాకా పోదు. లెన్సు పూర్తిగా గుంజక తప్పదు. గుంజితే లోపల చీకటి. నేనేం చేశాను? ఆయన చెప్పిన మాటే చెప్పాను.

మామిడికాయలు పుల్లగా ఉన్నాయి. బాలమ్మ పప్పులో వేసింది.

ఏప్రిల్ 20

ఇంకొకటి నిశ్చయించుకున్నాను. ఈ పెళ్ళికి టచింగ్ చేయను. స్తంభాలు నిలబెట్టను, మూలలు సరిచేయను, కుంచె ముట్టను. లెన్సు ఏమి చూసిందో అదే వేస్తాను. ఇందులో మోసమేముంది? ఇదే నిజాయితీ.

ఏప్రిల్ 25, గురువారం

పెళ్ళి అయింది.

"నువ్వు రాకు చెల్లె" అన్నాడు ఈశ్వరయ్య. ముహూర్తం వేళకు నాలాంటిదాన్ని ఎదురుగా ఎవరూ కోరుకోరని నాకూ తెలుసు. ఫిల్ము రోలు ఒకటి మర్చిపోయాడేమోనని వెళ్ళాను. మర్చిపోలేదు. వెళ్ళాను కదా అని వంటశాల వైపు గుమ్మంలో, స్తంభం పక్కన నిలబడ్డాను. మండపం వెనక భాగమది. అక్కడెవరి కంటా పడను.

వాసవాంబమ్మ తమ్ముడు ఈశ్వరయ్యను మండపం మెట్ల దగ్గరే ఆపాడు. "అక్క చెప్పింది, గేటు కాడికెల్లే తీయాలె" అన్నాడు. ఈశ్వరయ్య ఏదో చెప్పబోయి, నలుగురూ చూస్తున్నారని నవ్వి వెనక్కి వెళ్ళాడు. గేటు దగ్గర స్టూలెక్కాడు. అంత దూరం నుంచి కూడా ఆయన చంకలు చెమటకు తడిసిపోవడం కనిపించింది. నా కడుపు చల్లబడింది.

బాజాలు మోగాయి, అక్షింతలు లేచాయి. ఆయన స్టూలు మీద ఊగుతూ లెన్సు గుంజడం నేను కళ్ళార్పకుండా చూశాను. రెండుసార్లు నొక్కాడు. రెండోసారి పట్టడం లేదు. అయిపోయింది.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. చాలా రోజులైంది అట్లా తిని.

ఏప్రిల్ 26

ఎండకు ఫిల్ము కడిగే డెవలపర్ కాగిపోతోంది. మంచుగడ్డ తెప్పించి ట్రే కింద పెట్టుకుని కడిగాను.

తాళి ఫోటోలు రెండు. మొదటిది చేతులు, అక్షింతలు, ఇంకేమీ లేదు. రెండోదాన్ని పెద్దది చేసి ట్రేలో వేశాను. మెల్లగా తేలింది. పెళ్ళికొడుకు చేతులు మసక. పెళ్ళికూతురి మెడ మసక. తాళి ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. నేను అనుకున్నట్టే. గట్టిగా నవ్వాను కూడా.

తర్వాత వెనక గుమ్మం తేలింది. స్తంభం. స్తంభం పక్కన ఒక ఆడమనిషి. ఆమె ఒక్కతే మసక లేదు.

పళ్ళు బిగబట్టి, మెడ ముందుకు చాచి, పెళ్ళికూతురి తాళి మీదుగా చూస్తోంది. పెళ్ళి చూసే చూపు కాదు. ఎవరిదైనా కొంప అంటుకుంటే చూసే చూపు.

నేనే.

ఏప్రిల్ 27

పొద్దంతా ఆలోచించాను. ఈ పని చేసేవాళ్ళకు ఒక్క చూపులో తెలిసే సంగతి ఇది.

ఈ ప్రింటు ఉన్నదున్నట్టు ఇస్తే ఈశ్వరయ్య పరువు పోతుంది. కానీ పరువు కంటే ముందు నా మొహం కనిపిస్తుంది. మొగుడు పోయిన మనిషి తాళి కట్టే వేళ అట్లా చూస్తే, ఆ ఇంట్లో రేపు పిల్లకు జ్వరమొచ్చినా నా పేరే చెబుతారు. నాకు ఛత్రినాకలో ఒక్క గుమ్మమూ తెరుచుకోదు.

నన్ను తీసేయడం నిమిషం పని. అట్టముక్కకు చిల్లు చేసి, ఆ గుమ్మం మీద ఎక్కువసేపు వెలుతురు పోస్తే చాలు, ఈ పేపరు మీద వెలుతురెంత పడితే అంత నలుపు, వెనకంతా నల్లబడుతుంది. అయితే వెనక నల్లబడితే పెళ్ళి జంట ముందుకొస్తుంది. పక్కన నిక్కచ్చిగా ఉన్నది లేకపోతే మసకది మసకగా కనిపించదు. ఇంత కుంచె పెట్టి తాళి దిద్దితే చాలు, బ్రహ్మాండమైన ఫోటో అవుతుంది. ఈశ్వరయ్య మీసం తిప్పుకుంటాడు.

నన్ను దాచుకోవాలంటే ఆయన్ని కాపాడాలి. గొయ్యి తవ్విందాన్ని నేనే, అందులో పడ్డదాన్నీ నేనే.

ఏప్రిల్ 28

రెండు ప్రింట్లూ వేశాను. ఒకటి ఉన్నదున్నట్టు. ఒకటి దిద్దింది. దిద్దినదానికి అయిదు గంటలు పట్టింది. తాళిబొట్టు రెండు బిళ్ళలూ, పసుపుతాడు పేట్లు కూడా పెట్టాను. నా చేతి పనిలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. రెండూ బ్యాగులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 29

ఉన్నదున్నట్టు వేసిన ప్రింటు ఈశ్వరయ్య ముందు పెట్టాను. స్టూడియోలో ఇంకెవరూ లేరు. దగ్గరికి తీసుకుని చూశాడు.

"నీ లెన్సు తప్పింది అన్నా. దూరం పోతే దానికి ఫోకస్ దొరకది" అన్నాను.

"లెన్సు తప్పలె" అన్నాడు. "ఫోకస్ నీ మీదనే పెట్టిన."

"నా మీదనా?" అన్నాను.

"పిల్లను చూసుకుంటనే గుంజిన. ఎనక నువ్వు కనపడ్డవు. గంత దూరం నుంచి మొకం మీదికి వచ్చినట్టు కనపడ్డవు. గట్ల చూస్తున్నవు. తిప్పే చెయ్యి నీ మీదనే ఆగిపోయింది. బాజాలు మోగినయి, నొక్కేసిన."

"నేనెందుకు గట్ల చూసిన్నో ఎరుకేనా నీకు?"

ఆయన ప్రింటును బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎరుకే. సర్వీసుకు ఇయ్యలె. అమ్ముకున్న. అంజన్నవి, నీవి అని తెల్సి అమ్ముకున్న. నిన్ను అడిగితే ఇయ్యవని అడగలె. తప్పయింది చెల్లె."

మూడు నెలలు ఈ మాట కోసం కాచుకున్నాను. వింటే పండగలా ఉంటుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కళ్ళు తడిశాయి కూడా, దాచడమెందుకు. ఆయన మొహం చూస్తే జాలేసింది. దిద్దిన ప్రింటు ఇచ్చేద్దామని బ్యాగు మీద చెయ్యి వేశాను.

"చెప్పిన గద" అన్నాడు ఈశ్వరయ్య. "జెర టచింగ్ చేసి ఇయ్యి మరి. ఎల్లుండి ఆల్బం పోవాలె. గిది గిట్లనే పోతే నాకెంత నష్టమో నీకూ గంతే. వాసవాంబమ్మ నీ మొకం చూస్తే ఊకుంటదా? నీ కోసమే చెప్తున్న."

అంటే, చెప్పింది అందుకు. తప్పయింది అన్న మాటను కూడా అఫ్జల్‌గంజ్‌కు తీసుకుపోయి మార్చుకొచ్చినట్టుంది.

"చేస్త అన్నా" అన్నాను. బ్యాగు తెరవలేదు.

మే 1

ఆల్బం నేనే కట్టాను, నేనే తీసుకెళ్ళాను. ఒక్క ప్రింటు కూడా దిద్దలేదు.

వాసవాంబమ్మ మంచం మీద కూర్చుని పేజీలు తిప్పింది. "స్తంభాలు గిట్ల వంగినయేంది?" అంది. తర్వాత, "మా నాగమణమ్మత్త గీ చివరకు నిలవడ్డది గద, మొకమే లేదు" అంది. తాళి దగ్గరికి వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"తాళేది?"

"మసకయిందమ్మా."

"గీమె ఎవరు?" అని దగ్గరికి పెట్టుకుని, తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది.

"నేనేనమ్మా" అన్నాను. మొత్తం చెప్పాను. లెన్సులు నావని, ఈశ్వరయ్య దొంగతనంగా అమ్ముకుని ఇది కొన్నాడని, ఆయన గేటు దగ్గర నిలబడాలని మామిడికాయల రోజున ఆమెకు ఎక్కించింది నేనేనని, తెలిసే ఎక్కించానని. వైకుంఠం గారు కూడా తలుపు దగ్గరికి వచ్చి విన్నారు. ఈశ్వరయ్య సంగతి అయిపోయింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ బజారులోనే అయిపోయింది.

వాసవాంబమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కుట్టుమిషన్ మీది కత్తెర తీసుకుని, ఫోటోలో నేనున్న వైపు పైనుంచి కిందిదాకా కత్తిరించింది.

"మీకూ మీకూ పంచాయితీ ఉంటే నా బిడ్డ తాళే దొరికిందా?" అంది. "గీ ఒక్కటేనా దానికి? రేపు పిల్లలకు ఏం చూపెడ్తది?"

దిద్దిన ప్రింటు బ్యాగులో నా మోకాలికి ఆనుకునే ఉంది. తీయలేదు. తీస్తే ఈశ్వరయ్య గట్టెక్కుతాడు అనుకున్నాను. అప్పటికే ఆయన గట్టెక్కే దారి లేదు. అయినా తీయలేదు.

కత్తిరించిన ముక్క నా చేతిలో పెట్టింది. "గిది నా ఇంట్ల వద్దు. నువ్వు గానీ, ఆయన గానీ మల్ల గీ గడప తొక్కొద్దు."

మే 2

పనికి పోలేదు. రమ్మని కబురూ రాలేదు. బాలమ్మకు జరిగిందంతా చెప్పాను.

మే 4

బ్యాగులో దిద్దిన ప్రింటు లేదు. బాలమ్మను అడిగితే, నిన్న అఫ్జల్‌గంజ్ బస్సెక్కి వైకుంఠం గారి దుకాణంలో ఆయన కూర్చునే గద్దె మీద పెట్టి వచ్చానంది.

"ఎవలిని అడిగి ఇచ్చినవు?" అన్నాను.

"ఈశ్వరయ్య ఎవలిని అడిగి అమ్మిండు? నేనూ గట్లనే" అంది. "ఆ పిల్ల ఏం జేసిందే నిన్ను?"

నాకు అన్నం పెట్టి, తనూ పెట్టుకుంది.

మే 6

ఈశ్వరయ్య స్టూడియో షట్టరు సగం దించి ఉందట. షావుకార్ల పెళ్ళిళ్ళు రెండు వెనక్కి పోయాయట. సంతోషమే. సంతోషమేనని రెండుసార్లు రాస్తున్నాను.

ఆ ముక్కను ఇవాళ వెలుతురులో పెట్టి చూశాను. కుంచె కూడా దగ్గర పెట్టుకున్నాను, ఎక్కడైనా దిద్దేది ఉంటుందేమోనని. అంజన్న నన్ను తీసినవి పదకొండున్నాయి. అన్నింట్లోనూ ఆయన లెన్సు మార్చేదాకా ఆగి, కొంగు లాగి, మొహం సర్దుకుని నిలబడ్డాను. పదకొండింట్లోనూ ఒకటే మొహం, అది ఎవరిదైనా కావచ్చు.

ఇందులో సర్దుకునే టైము దొరకలేదు. కణత మీద నరం కనిపిస్తోంది. మూడు నెలలు ఈ నోటుబుక్కులో నేను రాసిందంతా ఆ కళ్ళల్లో ఉంది, రాయకుండా తప్పించుకున్నదీ ఉంది. ఎంత వెతికినా దిద్దడానికి ఒక్క చుక్క దొరకలేదు.

నన్ను ఇంతవరకు తీసిన వాటిలో మంచి ఫోటో ఇదే. తీసింది ఈశ్వరయ్య. ఆ లెన్సుతోనే తీశాడు.